నస్పూరుకు పోయిన పిట్టలు

సుల్తానాబాద్,
1964 జూన్ 14

చిరంజీవి తమ్ముడు కైలాసానికి, మరదలు అనసూర్యకు, అక్క చంద్రవ్వ దీవించి రాయునది.

నేను బాగున్నాను. ఉత్త బాగున్నానంటే నువ్వు నమ్మవని మోకాలి నొప్పి సంగతి కూడా రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే నన్ను అనకు. నాలుగో తరగతి చదివేటప్పుడు నువ్వు నేర్పినవే ఇవి. ఎట్లా నేర్పినావో అట్లే ఉన్నవి.

మృగశిర పడ్డది. రెండు వానలు కొట్టినవి. వాన పడితే నాకు మీ బొగ్గు బాయే గుర్తుకొస్తుంది. నీళ్ళు లోపలికి దిగుతవేమో, పైకప్పు తడిసి కూలుతుందేమో అని మగ్గానికి నూలు కండెలు చుడుతూ చుడుతూ చెయ్యి ఆగిపోతుంది. నువ్వు ఇప్పుడు లోపలికి దిగడం లేదు. దీపాల గదిలో కూర్చుని దిగేవాళ్ళకు దీపాలిస్తావు, పైకి వచ్చినాక తీసుకుంటావు, అంతే గదా. కొండగట్టు అంజన్న ముందు నా చెయ్యి పట్టుకుని "ఇగ దిగనక్కా" అన్నావు. నాకు ఎరుకే. అయినా గుండె ఊరుకోదు.

నువ్వు అడిగిన నాలుగు మునియా పిట్టలను ఫజలుద్దీన్ చేతికిచ్చి పంపుతున్నాను. ఎదురింటి బిస్మిల్లా బీ కొడుకు, తువ్వాళ్ళ మూట కట్టుకుని మీ బాయిల దిక్కు అమ్మబోయేవాడే. మీ ఆఫీసరు పిల్లలు ముచ్చటపడుతున్నారని నువ్వు అంటే కాదనలేకపోయినాను. కానీ పంజరం కట్టేటప్పుడు ఫజలుద్దీన్‌కు పది జాగ్రత్తలు చెప్పినాను. బిస్మిల్లా బీ గడపలో నిలబడి ఒకటే నవ్వు.

"చంద్రవ్వా, ఆడపిల్లను అత్తగారింటికి తోలేటప్పుడు సుత గిన్ని జాగ్రత్తలు చెప్పరే!"

"ఆడపిల్లకు నోరుంటది బీ. ఆకలైతే అడుగుతది. గీటికేముంది?"

వాటి పేర్లు రాస్తున్నాను. రెక్కల మీద చుక్కలు ఎక్కువున్నది చుక్కమ్మ. పాదాలు ఎర్రగా ఉన్నది గోరింట. ముక్కు పక్కన తెల్లమచ్చ ఉన్నది ముక్కుపుడక. లావుగా ఉన్నవాడు మొద్దు. కొర్రలు వెయ్యాలి, బియ్యం వద్దు. నీళ్ళు రోజూ మార్చాలి. అన్నిటికంటే ముఖ్యం, పొయ్యి పొగ తగలనివ్వద్దు. మనిషికి దగ్గు వచ్చేపాటి పొగకు ఈ జాతికి ప్రాణమే పోతుంది. ఆఫీసరు ఇంటివాళ్ళకు ఈ మాట రెండుసార్లు చదివి వినిపించు. గోదావరి వంతెన మీద రైలు పోయేటప్పుడు పంజరానికి గుడ్డ కప్పమని ఫజలుద్దీన్‌కు చెప్పినాను. ఆ చప్పుడుకు నాకే గుండె జారుతుంది.

చేరగానే కార్డు ముక్క రాయి. రాసేదాకా నాకు అన్నం దిగదు.

నీ అక్క
చంద్రవ్వ


నస్పూర్,
1964 జూన్ 28

అక్కకు కైలాసం దండాలు.

పిట్టలు నాలుగూ క్షేమంగా చేరినవి. ఫజలుద్దీన్ వంతెన మీద గుడ్డ కప్పిన సంగతి మూడుసార్లు చెప్పినాడు, నీకు తప్పక రాయమన్నాడు. ఆఫీసరు చూసి "ఇంత చక్కని పిట్టలు ఎక్కడివోయ్" అన్నాడు. మా అక్క పెంచినవి అన్నాను. పొగ సంగతి అందరికీ చదివి వినిపించినాను. అందరూ తలలు ఊపినారు.

నేను దీపాల గదిలోనే ఉన్నాను. కుర్చీ కూడా ఇచ్చినారు. నీ ఫికర్ తగ్గించుకో. అనసూర్య కుశలం.

ఒక్క మాట అక్కా. ఇన్ని పేర్లు ఎందుకు పెట్టినావు? నేను "చుక్కమ్మా" అని పిలిస్తే తోటివాళ్ళు పడి పడి నవ్వుతున్నారు.

కైలాసం


సుల్తానాబాద్,
1964 ఆగస్టు 20

చిరంజీవి కైలాసానికి అక్క దీవెనలు.

నీ ఉత్తరం పదిసార్లు చదివినాను. పదోసారి ఒక మాట దగ్గర ఆగినాను. పిట్టలు ఆఫీసరు ఇంట్లో ఉంటే, నువ్వు పిలిచినప్పుడు నీ తోటివాళ్ళు ఎందుకు నవ్వుతారు? వాళ్ళు ఆఫీసరు ఇంట్లో ఏం చేస్తున్నారు? జర విడమర్చి రాయి.

ఇక్కడి సంగతులు. మేక ముత్తి నా ప్రాణం తీసింది. నూలుకు పట్టే గంజి కోసం పిండి నానబెట్టి ఒక్క గడియ పక్కకు పోయినాను. గంగాళంలో మూతి పెట్టి సగం తాగింది. కడుపు డోలు లెక్క ఉబ్బింది, ఒక పక్కకు పడిపోయింది. నువ్వుల నూనెలో వాము నూరి తాగించి, ముందుకాళ్ళు అరుగు మీద పెట్టించి, కడుపు తోముతూ తోముతూ పగలంతా కూర్చున్నాను. పొద్దుగూకే ముందు ఒక పెద్ద త్రేన్పు వచ్చింది. అంత గొప్ప సంగీతం నేను ఎన్నడూ వినలేదు.

రామచిలుకల జోడీలో ఆడది చచ్చిపోయినప్పటి నుంచి మగది తన ఈకలు తనే పీక్కుంటున్నది. రొమ్మంతా బోడి అయింది. పసుపు రాసినా, వేపాకు వేసినా మానలేదు. ఊరికే కూర్చోబెడితే దుఃఖం ఎక్కువవుతుంది, మనిషికైనా అంతే గదా అనుకుని చిక్కుబడ్డ నూలు ఉండ ఒకటి పంజరంలో వేసినాను. ఇప్పుడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ చిక్కు తీస్తుంటుంది. తీయడం ఏమిటిలే, కొరుకుతుంది. ఈకలు మాత్రం పీక్కోవడం లేదు. కొత్తవి మొలుస్తున్నవి.

పిల్లి బూడిది కండెల బుట్టలో ఈనింది. గంజి పట్టిన నూలుకు ఎలుకలు రాకుండా అదే కావలి గదా, దానికి కోపం తెప్పించలేను. మగ్గం నేసే దశరథం నూలు కోసం వస్తే నాలుగు రోజులు ఆగమన్నాను. "పిల్లి బాలింత అని మగ్గం ఆపుకున్న సాలోన్ని నేనొక్కన్నే గావొచ్చు పెద్దవ్వా" అని తిట్టుకుంటూ పోయినాడు. మళ్ళీ సాయంత్రం వచ్చి గిన్నెడు పాలు ఇచ్చిపోయినాడు.

ఇంకొకటి. ఇక్కడున్న మునియా జంట కొబ్బరిపీచులో గూడు కట్టి పిల్లలను లేపింది. నాలుగు. కందిగింజంత తలకాయలు. లెక్కపెట్టడానికి కూడా భయం వేసింది, నా దిష్టే తగులుతుందని.

చుక్కమ్మ ఎట్లున్నది? గోరింట తింటున్నదా? ఒక్కొక్కదాని సంగతి విడిగా రాయి.

నీ అక్క
చంద్రవ్వ


నస్పూర్,
1964 సెప్టెంబర్ 25

అక్కకు దండాలు.

నువ్వు పోలీసు కొలువులో ఉండవలసినదానివి. ఆఫీసరు ఇంట్లో పిల్లి ఉన్నదట. అందుకని పంజరాన్ని మేము పనిచేసే చోటనే ఒక గదిలో పెట్టించినాడు. ఆయన పిల్లలు అప్పుడప్పుడు వచ్చి చూసిపోతారు. ఇదే సంగతి. ఇంకేమీ లేదు.

గోరింట, మొద్దు, ముక్కుపుడక మంచిగున్నవి. చుక్కమ్మకే కొంచెం బాగాలేదు. కాళ్ళల్లో బలం తగ్గినట్టున్నది. కొయ్య మీద కూర్చున్నదల్లా ఉన్నట్టుండి పడిపోయింది. కాసేపటికి లేచింది. పోయిన వారం మళ్ళీ ఒకసారి అట్లే అయింది. దాన్ని చూస్తుంటే నాకు మనసున పట్టడం లేదు. ఫజలుద్దీన్‌తో పంపుతున్నాను. ఒక నెల నీ దగ్గర పెట్టుకో. నీ చేతిలో పడితే తేరుకుంటుంది. మళ్ళీ పంపే తొందర లేదు.

నా గురించి ఏమీ రంధి పెట్టుకోకు. దగ్గు కొంచెం ఉన్నది, తగ్గుతుంది.

కైలాసం


సుల్తానాబాద్,
1964 నవంబర్ 1

చిరంజీవి కైలాసానికి అక్క దీవెనలు.

బతుకమ్మ పండుగ పోయింది. నేను ఆడలేదు, చుక్కమ్మను చూసుకుంటూ కూర్చున్నాను. ఇంతకాలం ఎందుకు రాయలేదంటే, దాని రోగం ఏమిటో తేల్చుకుని రాద్దామనుకున్నాను. తేలలేదు. అదే నా పరేషాన్.

వచ్చిన రోజు పళ్ళెంలో నీళ్ళు పెడితే స్నానం చేసింది. నీళ్ళు నల్లగా అయినవి. మళ్ళీ పెట్టినాను, మళ్ళీ నల్లగా అయినవి. మూడోసారికి గాని తేటగా రాలేదు. ఆ గదిలో అంత నల్లదుమ్ము ఎక్కడిది తమ్ముడూ? కిటికీ లేదా? మరి నీ దగ్గు ఆ గదిలోదేనా?

ఉడికించిన గుడ్డు సొన నలిపి పెట్టినాను. ఎండ పొడలో కూర్చోబెట్టినాను. నెల రోజులు కండెలు చుడుతూ దాన్నే కనిపెట్టుకుని ఉన్నాను. ఒక్కసారి కూడా పడలేదు. గెంతుతుంది, తింటుంది, కూస్తుంది. కాళ్ళు పట్టి చూసినాను, గట్టిగానే ఉన్నవి. బిస్మిల్లా బీని పిలిచి చూపించినాను.

"ఈడ మంచిగనే ఉన్నది కదనే. ఆడి గాలి పడలేదేమో," అన్నది.

"గాలి అందరికొక్కటే గద బీ! నా తమ్ముడు సుత గదే గాలి పీలుస్తుండు."

ఆమె నా మొఖం చూసింది. లోపలికి పోయి చాయ్ తెచ్చి ఇచ్చింది. నేను తాగలేదు.

పంపే తొందర లేదన్నావు. కానీ నా దగ్గరున్న పిట్టపిల్లలతో అది కొట్లాడుతున్నది, జోడీలను వెతుక్కుంటున్నది. మొద్దు లేకుండా దానికి తోచదు. అందుకని పంపుతున్నాను. కొత్త చిన్న పంజరం చేయించినాను. కొయ్యకు నూలు చుట్టినాను, కాళ్ళకు పట్టు దొరుకుతుంది. ఇంకొక ఉపాయం కూడా చేసినాను. అది రాయను, చదివితే నువ్వు నవ్వుతావు, నీ తోటివాళ్ళకు చెబుతావు, వాళ్ళు కూడా నవ్వుతారు. ఇక మాత్రం అది పడదు. పూచీ నాది.

నీ దగ్గుకు మిరియాల పొడి పొట్లం కట్టి పంపుతున్నాను.

నీ అక్క
చంద్రవ్వ


నస్పూర్,
1964 నవంబర్ 17

అక్కకు కైలాసం అనేక దండాలు.

ఈ ఉత్తరం కూర్చుని చదువు. బిస్మిల్లా బీని పక్కన కూర్చోబెట్టుకుని చదువు. ముందుగా రాస్తున్నాను, నేను బతికే ఉన్నాను. కాళ్ళు చేతులు బాగున్నవి.

నేను దీపాల గదిలో లేను అక్కా. రెండేండ్ల నుంచి లేను.

నీకు ఇచ్చిన మాట ప్రకారం మొదట అక్కడే ఉన్నాను. ఒకరోజు పొద్దుటి పాళీలో దిగినవాళ్ళు పైకి వచ్చి దీపాలు ఇచ్చిపోయినారు. మూడు దీపాలు తిరిగి రాలేదు. దీపాలు తగిలించే కొక్కాలు మూడు ఖాళీగా ఉన్నవి. లోపల ఏమైందో ఎవరికీ తెలియదు. నేను ఆ మూడు కొక్కాలను చూస్తూ కుర్చీలో కూర్చున్నాను. మర్నాడు వాళ్ళను తెచ్చినారు. ఆ తరువాత ఆ కుర్చీలో కూర్చోలేకపోయినాను. బాయిలో ఏదైనా జరిగితే ముందుగా లోపలికి పోయే దళం ఒకటున్నది. నా పేరు అందులో రాయించుకున్నాను. అనసూర్యకు తెలుసు. నీకు చెప్పే ధైర్యం లేక చెప్పలేదు.

పిట్టలు ఆఫీసరు పిల్లల కోసం కాదు. బొగ్గు లోలోపల రాజుకుంటే ఒక విషపు గాలి పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. దీపం మంటలో కూడా తెలియదు. మనిషికి తెలిసేసరికి కాళ్ళు పనిచేయవు. మునియా పిట్టకు మనకంటే ముందు తగులుతుంది. అది కొయ్య మీద నుంచి పడితే మేము వెనక్కి తిరగాలి. అందుకని పంజరం పట్టుకుని పోతాం. చుక్కమ్మ పడ్డది కాళ్ళల్లో బలం లేక కాదు. రెండుసార్లు అది పడి మమ్మల్ని వెనక్కి పంపింది. రెండుసార్లూ మంచి గాలిలోకి తెచ్చి నోటితో ఊదితే లేచింది. మూడోసారి దాన్ని తీసుకుపోవడం నాకు ఇష్టం లేక, రోగమని అబద్ధం రాసి నీ దగ్గరికి పంపినాను.

అది తిరిగి వచ్చిన మర్నాడే పని పడ్డది. పాత పనిచోటు ఒకటి నిప్పు రాజుకుంటే అడ్డంగా గోడ కట్టి మూసినారు. ఆ గోడ దాకా పోయి చూసి రమ్మన్నారు. మొద్దుకు, మిగతా రెంటికీ ఆ రోజు ఒంట్లో బాగాలేదు. చుక్కమ్మ నిగనిగలాడుతున్నది. తొందరలో నీ కొత్త పంజరమే పట్టుకుని దిగినాను. నలుగురం. నా వెనుక పర్శరాములు. మీ సుల్తానాబాద్ పక్కవాడే, శంకరవ్వ కొడుకు.

కొంత దూరం పోయినాక పర్శరాములు అన్నాడు:

"కైలాసన్నా, జర ఆగు. తల పగుల్తున్నది."

నేను దీపం ఎత్తి పంజరం చూసినాను. "పిట్ట కూసునే ఉన్నది కదరా. నడువు," అన్నాను.

అక్కా, "నడువు" అన్నది నేనే.

ఇరవై అడుగులు పోయినామేమో. వాడు మళ్ళీ అన్నాడు, "కూసున్నది గని, గది కూసున్న తీరు సక్కగ లేదన్నా."

దగ్గర పెట్టుకుని చూసినాను. పక్కనున్న ఊచలకు ఆనుకుని ఉన్నది. కళ్ళు మూసుకున్నవి. ఊదితే కదలలేదు. వేలు పెట్టి చూస్తే పాదాలకు దారం తగిలింది. సన్నపోగు, కాళ్ళ రంగుదే. కొయ్యకు చుట్టిన నూలులో కలిసిపోయింది. ముడి చూడగానే గుర్తుపట్టినాను. మగ్గం మీద పోగు తెగితే నువ్వు అతికే ముడి.

పర్శరాములు అప్పటికే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. పంజరం అక్కడే వదిలి వాణ్ణి భుజాన వేసుకున్నాను. మిగతా ఇద్దరూ నన్ను తోసినారు. ఎట్లా వచ్చినామో తెలియదు. పర్శరాములు ఆస్పత్రిలో ఉన్నాడు. కళ్ళు తెరిచినాడు, మాట ఇంకా తడబడుతున్నది. తరువాత మంచి గాలి అందించే ముసుగులు వేసుకుని పోయినవాళ్ళు పంజరం తెచ్చినారు. చుక్కమ్మను తుమ్మచెట్టు కింద పూడ్చినాను.

దారం ఎవరు కట్టినారని అడిగినారు. నేనే అన్నాను. రెండు నెలలు దళంలోకి రావద్దన్నారు.

తప్పు నీది కాదు. నేను రాసిన రోగానికి నువ్వు వైద్యం చేసినావు.

కైలాసం


సుల్తానాబాద్,
1964 నవంబర్ 26

కైలాసం,

ఉత్తరం అందినది. రెండు రోజులు కండె ముట్టలేదు. ఏమైందే అంటే బిస్మిల్లా బీకి కాగితం చూపించినాను. ఆమెకు చదువు రాదు, ఫజలుద్దీన్ చదివినాడు. వాడు సగంలో ఆపి "పెద్దవ్వా, నేనే కద మోసుకపోయింది" అని ఏడ్చినాడు.

రైలు కుదుపుకు పడుతుందని బయలుదేరే ముందు కట్టినాను. మెత్తని పోగు, కాలు నొక్కుకోకుండా, గింజలకు నీళ్ళకు వంగేటట్టు వేలు సందు పెట్టి కట్టినాను. పడితే రెక్క విరుగుతుందనుకున్నాను. పడడమే దాని పని అని నాకేం తెలుసు?

అంజన్న ముందు చెప్పిన మాట అది. నేను నీ తల్లి లెక్క నమ్మినాను. నువ్వు దీపాలు తుడుస్తున్నావనుకుని రెండేండ్లు అన్నం తిన్నాను. నువ్వు నా ఏడుపుకు భయపడి చెప్పలేదు. నేను నీ నవ్వుకు భయపడి చెప్పలేదు. మన ఇద్దరి నడుమ శంకరవ్వ కొడుకు పోతుండె.

ఆమె మొన్న అంగట్లో కనపడ్డది. "నా కొడుకును నీ తమ్ముడు భుజాన ఏసుకొచ్చిండట వదినా, మీ ఇంటికి దండం" అని నా చేతులు పట్టుకున్నది. నేను ఆ చేతులు గుంజుకుని ఇంటికి వచ్చినాను. దారం సంగతి ఆమెకు చెప్పే ధైర్యం నాకూ లేకపోయింది. చూడు, నేను కూడా నీ తీరే.

ఆ కొలువు మానుకో. మగ్గం ఉన్నది, నేనున్నాను. మిగిలిన మూడు పిట్టలను వెంటనే పంపు. ఇక నా చేతి నుంచి ఒక్క ఈక కూడా మీ బాయికి రాదు.

చంద్రవ్వ


నస్పూర్,
1964 డిసెంబర్ 27

అక్కకు దండాలు.

గోరింట, మొద్దు, ముక్కుపుడక ఈ ఉత్తరంతోపాటు వస్తున్నవి. కాళ్ళు రెక్కలు చూసుకో, ఏ లోపం రానివ్వలేదు. పర్శరాములు లేచి తిరుగుతున్నాడు. మాట తేరుకున్నది. దారం సంగతి వాడికి నేను చెప్పినాను. "మా అవ్వ అయితే రెక్కలు సుత కట్టును" అన్నాడు. నువ్వు శంకరవ్వ కళ్ళల్లోకి చూడవచ్చు.

ఇకనుంచి నీ దగ్గర ఏమీ దాచనని అనుకున్నాను. అందుకే ఇది రాస్తున్నాను, అడగడానికి కాదు.

పట్నం నుంచి పన్నెండు మునియాలను తెప్పించినారు. రైల్లోనే ఏడు చచ్చినవి. మిగిలిన అయిదూ ఈకలు ఉబ్బించుకుని మూలకు కూర్చుంటున్నవి. వాటికి ఏం పెట్టాలో ఎవరికీ తెలియదు. నేను కొర్రలు వేస్తే రెండు తిన్నవి. పోయిన సోమవారం దళం దిగినప్పుడు ఒకటి పడ్డదట. అందరూ వెనక్కి ఉరికినారు. గాలి చూస్తే మంచిగనే ఉన్నది. పిట్టకే జబ్బు. పైకి వచ్చి అందరూ నవ్వుకున్నారు. గురువారం ఇంకొకటి పడితే ఎవరూ ఉరకలేదు. "గీటికి రోగం" అని ముందుకు పోయినారట. ఆ రోజు కూడా గాలి మంచిదే, బతికిపోయినారు.

అది విన్నప్పుడు నాకు భయం వేసింది అక్కా.

కొలువు మానమన్నావు. మానలేను. ఆ కొక్కాలు చూసినవాణ్ణి. జనవరి పదో తారీఖున మళ్ళీ దళంలోకి రమ్మన్నారు. పోతాను. నీ కోపం తగ్గేదాకా ఉత్తరం రాయకున్నా సరే, ఒక్క కార్డు ముక్క రాయించు, బాగున్నానని.

కైలాసం


సుల్తానాబాద్,
1965 జనవరి 5

చిరంజీవి తమ్ముడు కైలాసానికి, అనసూర్యకు, అక్క దీవించి రాయునది.

మూడు పిట్టలు అందినవి. ముక్కుపుడక కొంచెం చిక్కింది. స్నానం చేయించినాను.

శంకరవ్వ ఇంటికి పోయి దారం సంగతి నా నోటితో చెప్పి వచ్చినాను. ఆమె పీట వేసి నన్ను కూర్చోబెట్టింది. "నువ్వు గట్టినవని నా కొడుకు అప్పుడే చెప్పిండు. నువ్వు ఎప్పుడొస్తవా అని సూస్తున్న," అన్నది. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి పంజరం ముందు కూర్చుంటున్నాను. బిస్మిల్లా బీ వచ్చి పక్కన కూర్చున్నది.

"ఏం సోచాయిస్తున్నవే?"

"పంపను అన్న బీ. నోటితోని అన్న, కాగితం మీద రాసిన."

"మరింకేంది?"

"రోగపు పిట్ట పడితే వాళ్ళు నమ్ముతలేరట. రేపు నిజంగ పడితే సుత నమ్మరు గద."

ఆమె నన్ను ఓదార్చడానికి ఏదో ఒకటి అంటుందనుకున్నాను. అనలేదు. "గట్లయితే మంచి పిట్ట నీ తమ్ముని చేతుల ఉండాలె," అన్నది. అని లేచి కోళ్ళను మళ్ళేయడానికి పోయింది.

నాకు ఆమె మీద కోపం వచ్చింది. కానీ ఆలోచిస్తే, నేను ఉత్త ముద్దుకు పెంచినది ఏదున్నది తమ్ముడూ? ముత్తి పాలు తాగుతున్నాను. బూడిదిని ఎలుకల కోసం పెట్టుకున్నాను. వాటి కడుపు నేను చూసుకుంటాను, నా కడుపు అవి చూస్తవి. కాని ప్రాణం పెట్టమని వాటిని నేను ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఈ పాపం నాదే, ఆఫీసరుకు పొయ్యద్దు, అంజన్నకు పొయ్యద్దు. నేనే మొయ్యాలి.

ఈ వానాకాలం పుట్టిన నాలుగింటిని పంపుతున్నాను. నిండుగా ఈకలు వచ్చినవి, కళ్ళు మెరుస్తున్నవి. ఫజలుద్దీన్‌తో ఒట్టు పెట్టించి, కాళ్ళు రెండుసార్లు చూపించి అప్పగిస్తాను. ఏ పిట్టనూ వరుసగా రెండు రోజులు దించవద్దు. పడిన పిట్టను మళ్ళీ దించనే వద్దు, నా దగ్గరికి పంపు. నువ్వు పైకి వచ్చేటప్పుడు ఒక చేత్తో మనిషిని పట్టుకుంటే రెండో చేత్తో పంజరం పట్టుకో. చేతకాకపోతే మనిషినే పట్టుకో, నేను ఏమీ అనను. పట్నం నుంచి వచ్చిన ఆ రోగపువాటిని ఎన్ని మిగిలితే అన్ని ఫజలుద్దీన్‌కు ఇచ్చి నాకు పంపు. అవి ఏం పాపం చేసినవి? గుడ్డు సొన పెడితే తేరుకుంటవి. తేరినాక మళ్ళీ పంపుతాను. దిగిన రోజల్లా నిజం రాయి. దిగినాను, వచ్చినాను, అన్న రెండు మాటలు చాలు.

ఈ నాలుగింటికి పేర్లు పెట్టవద్దనుకున్నాను. పేరు పెడితే ఏమవుతుందో ఒకసారి చూసినాను గదా. ఇన్నాళ్ళూ "ఓయ్" అనే పిలిచినాను. నిన్న ఈ ఉత్తరం రాయడానికి కూర్చుంటే, పేరు లేకుండా దేని గుణం ఏమిటో నీకు రాయడం నాతో కాలేదు. గుణం తెలియకపోతే నువ్వు వాటిని పట్టుకుపోయి ఏం లాభం? అందుకని పెట్టినాను. జాగ్రత్తగా చదువు, పర్శరాములుకు కూడా వినిపించు.

తోక కురచగా ఉన్నది మొండి. మధ్యాహ్నం తల రెక్కలో పెట్టుకుని నిద్రపోతుంది, చిటికె వేస్తే లేస్తుంది. దాన్ని పొద్దుటి పాళీకే దించు. తెల్లగా ఉన్నది పాలపొడ, కొత్త చోటికి పోతే భయానికి ఊపిరి వేగంగా తీస్తుంది. నూరు లెక్కపెట్టేలోపల కుదురుకుంటుంది. కుదురుకోకపోతే అది భయం కాదు. సన్నాయి ఎప్పుడూ కూస్తూనే ఉంటుంది. కూత మానితే చెవి పెట్టి విను, ఒక్కోసారి తింటూ మానుతుంది. తినకుండా మానితే ఆగు.

నాలుగోది గవ్వ. ఇది ఇప్పుడే నా వేలి మీద వాలి మళ్ళీ గెంతిపోయింది, దీన్ని విడవలేకే చివర రాస్తున్నాను. దీనికి నిలకడ లేదు. కొయ్య మీద నుంచి ఊచకు, ఊచ మీద నుంచి కొయ్యకు, ఒక్క గడియ ఊరుకోదు. దీన్ని చూస్తూ నేను ఒక కండె కూడా పూర్తి చేయలేకపోయినాను. ఈ గవ్వ ఎప్పుడైనా కుదురుగా, బుద్ధిగా ఒకచోట కూర్చున్నదా, అది పడేదాకా చూస్తూ నిలబడవద్దు కైలాసం. "కూసునే ఉన్నది కదరా" అనవద్దు. ఆ క్షణమే అందరినీ తీసుకుని వెనక్కి తిరుగు.

నీ అక్క
చంద్రవ్వ